నీళ్ళల్లో వరస

జహీరాబాద్‌లో మేం ఈదే కొలను పొడవు 25 మీటర్లు, వెడల్పు 10. హైవే దిగి చెరుకు తోటల వైపు మళ్ళితే వస్తుంది. ఒక ప్రైవేటు ఆసామి కట్టించి, గంటకింత అని నడుపుతున్నాడు. రోజు మొత్తంలో ఆడవాళ్ళకి ఒక్క గంట. ఆ గంటలో పద్దెనిమిది మందిమి దిగుతాం. సగం కొలను నేర్చుకునేవాళ్ళకి వదిలేసి, మిగతా సగంలో తాడు కట్టి రెండు లేన్లు చేసుకున్నాం. ఒక్కో లేన్ వెడల్పు రెండున్నర మీటర్లు. ఒలింపిక్స్‌లో ఒక్క మనిషికి ఇచ్చేది అంత. అందులో మేం నలుగురం, ఒక్కో రోజు ఐదుగురం.

ఆ రెండున్నర మీటర్ల నీళ్ళని ఐదుగురు ఆడవాళ్ళు ఎలా పంచుకుంటారన్నది రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. స్త్రీలూ స్థలమూ అన్న విషయం మీద మనం చాలానే మాట్లాడుకున్నాం. సొంత గది గురించి, బస్సులో సీటు గురించి, వేదిక మీద కుర్చీ గురించి. పనేమీ లేకుండా వీధిలో నిలబడటం కూడా హక్కేనని ముంబయి స్త్రీల అనుభవంతో వాదించిన "వై లాయిటర్?" 2011లో వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డామో గుర్తుంది. కానీ మన చర్చల్లో ఎక్కువ భాగం స్థలాన్ని మగవాళ్ళ దగ్గర్నుంచి ఎలా రాబట్టుకోవాలన్నదే. రాబట్టుకున్న ఆ కాస్త చోటునీ మనలో మనం ఎలా పంచుకుంటున్నాం? అక్కడికొచ్చేసరికి ఎందుకో గొంతు తగ్గిస్తాం.

మొదటి నెల మా లేన్‌లో ఎవరూ ముందు బయల్దేరలేదు. అతిశయోక్తి కాదు. గోడ పట్టుకుని నిలబడి ఇలా మాట్లాడుకునేవాళ్ళం.

"మీరు పోండ్రి మేడం, ముంగట."

"నేను మెల్లగ పోతనమ్మా, మీకే అడ్డమైత."

"పెద్దోళ్ళు మీరుండంగ నేనెట్ల పోతా?"

"ఆపా, మీరన్న పోండ్రి."

"నై నై, ముందు మీరు."

గడియారంలో మూడు నిమిషాలు ఇలా పోయేవి. చివరికి ఎవరో ఒకరు "సారీ" అని కదిలేవారు. ఆమె వెనకే ఇద్దరు ఒకేసారి కదిలి, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలి మళ్ళీ "సారీ". మాలో ఒక బ్యాంకు ఉద్యోగి ఉంది, ముప్పై ఏళ్ళుంటాయి. మా అందరికంటే వేగంగా ఈదగలదు. కానీ ముందు వెళ్ళదు. వెనక వెళ్ళి, నా కాళ్ళకి తగలకుండా తన వేగం తనే తగ్గించుకుని, సగం దూరం తల పైకెత్తి నడిచినట్టు ఈదేది. ముందు వెళ్తే పొగరనుకుంటారని భయం. "ఫాస్టుగ పోతున్నననుకుంటరు గద మేడం" అంది ఒకసారి. వేగంగా వెళ్ళగలిగిన మనిషి, వేగంగా వెళ్తున్నట్టు ఎవరైనా అనుకుంటారని భయపడటం! మగవాళ్ళ గంటలో ఇలాంటి భయం ఉన్నవాళ్ళు ఒక్కరైనా ఉంటారా అని నాకు అనుమానం.

ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో అమ్మాయిలు బంతి విసిరే తీరు గురించి రాసిన వ్యాసం మీలో చాలామంది చదివే ఉంటారు, పాఠం కూడా చెప్పి ఉంటారు. చుట్టూ చోటున్నా స్త్రీ శరీరం దాన్ని వాడుకోదు, కనిపించని గీత ఒకటి గీసుకుని అందులోనే కదులుతుంది అంటుందామె. క్లాసులో ఆ మాట నేనూ చెప్పాను. అది కళ్ళతో చూసింది మాత్రం ఇక్కడే. రెండున్నర మీటర్ల లేన్‌లో నలుగురం తాడుకి అతుక్కుని, మధ్యలో ఒక మీటరు నీళ్ళు ఖాళీగా వదిలేసి ఈదుతుంటే.

మాకు నేర్పేది ఒక పీఈటీ మేడం. బడిలో ఆటలు నేర్పించే ఉద్యోగం ఆమెది. సెలవు రోజుల్లోనూ, తీరిక దొరికినప్పుడూ మా గంటకి వస్తుంది. నెల రోజులు మా తంతు చూసి ఒకనాడు విజిలేసి అందర్నీ ఆపింది. "మర్యాదలన్ని బట్టలు మార్చుకునే అర్రల ఇడిసి రాండ్రి. నీళ్ళల్ల చిన్న పెద్ద లేదు. జోరు ఒక్కటే ఉన్నది" అని నియమాలు చెప్పింది. ఎక్కడైనా ఇంచుమించు ఇవే నియమాలు. లేన్‌లో ఇద్దరే ఉంటే చెరో సగం. మూడోమనిషి వస్తే సగాలు రద్దు, అందరూ గుండ్రంగా తిరగాలి. మేం రోడ్డు మీద లాగే ఎడమ పక్కన వెళ్ళి ఎడమ పక్కనే రావాలని పెట్టుకున్నాం. అమెరికాలో కుడి పక్కన అట. ఇంగ్లండులో ఒక లేన్ ఇటు, పక్క లేన్ అటు తిప్పుతారు, తాడుకి రెండు వైపులా ఉన్నవాళ్ళ చేతులు ఎదురెదురుగా వచ్చి కొట్టుకోకుండా. ఎటు తిరిగినా ఫర్వాలేదు, అందరూ ఒకటే తిరగాలి. మనిషికీ మనిషికీ కనీసం ఐదు సెకన్ల ఎడం. అలసిపోతే గోడ దగ్గర మూలకి జరగాలి, మధ్య భాగం తిరిగేవాళ్ళకి వదలాలి. కొత్తగా దిగేవాళ్ళు లోపలున్నవాళ్ళకి కనిపించి, కాళ్ళు ముందుపెట్టి మెల్లగా దిగాలి, దూకకూడదు. వేగంగా ఉన్నవాళ్ళు ముందు, నెమ్మదిగా ఉన్నవాళ్ళు వెనక. వెనకాల మనిషి అందుకుంటే ముందు మనిషి అరికాలిని ఒక్కసారి తట్టాలి. తట్టించుకున్న మనిషి గోడ దాకా వెళ్ళి మూలకి జరిగి దారి ఇవ్వాలి. నడిమధ్యన దాటిపోకూడదు, ఎదురుగా ఇంకొకరి తల వస్తూ ఉంటుంది కాబట్టి.

ఇందులో ఏముంది, ట్రాఫిక్ రూల్సే కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ "నువ్వు వెనక్కి వెళ్ళు, ఆమె ముందుకి వస్తుంది" అని మేడం వేలు చూపించి వరస మార్చినప్పుడు మా ముఖాల్లో రంగులు మారాయి. తెలుగులో "వరస" అంటే క్యూ మాత్రమే కాదు కదా. ఎవరికి ఎవరు ఏమవుతారన్నది వరస. ఎవరు ఎవర్ని ఏమని పిలవాలి, ఎవరి ముందు ఎవరు కూర్చోకూడదు, బంతిలో ఎవరి తర్వాత ఎవరు తినాలి, అంతా వరసే. ఆ వరస మనసులో పెట్టుకునే మేం గోడ దగ్గర నిలబడ్డాం. వయసు, చదువు, భర్త ఉద్యోగం, ఇంకా పైకి చెప్పని ఒకటి రెండు లెక్కలు కలిపి ఎవరు ముందో ఎవరు వెనకో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే అంత మర్యాద. కిందివాళ్ళు తప్పుకోవడం, పైవాళ్ళు "అయ్యో ఫర్వాలేదు" అనడం. దీనికే మన ఇళ్ళల్లో "సర్దుకుపోవడం" అని పేరు. సర్దుకుపోయేది ఎప్పుడూ ఒకరే ఉంటారు. పంచుకోవడం అలా కాదు. దానికి అందరికీ తెలిసిన కొలమానం ఒకటి కావాలి, అది ఎవరి మంచితనం మీదా ఆధారపడకూడదు.

ఇక ఆ కాలు తట్టే నియమం! దాని గురించే ఒక వ్యాసం రాయొచ్చు. మనకి ఎవరికైనా కాలు తగిలితే వెంటనే చేత్తో తాకి కళ్ళకద్దుకోవడం చిన్నప్పటి అలవాటు. ఫ్రీస్టైల్ కొడుతూ పక్కామెకి కాలు తగిలించిన ఒకావిడ నడి లేన్‌లో ఆగి, ఆమె భుజం ముట్టుకుని కళ్ళకద్దుకుంది. వెనక వస్తున్న ఇద్దరూ వచ్చి ఆమెకి గుద్దుకున్నారు. బ్యాంకు అమ్మాయి కాలు తట్టనే తట్టనంది. "దసరాకి జమ్మి పెట్టేటప్పుడు తప్ప మా అత్తమ్మ కాళ్ళే ముట్ట. ఈడ రోజు ఇరవైసార్లు అందరి కాళ్ళు మొక్కాల్నా?" అని నవ్వు. మాలో అందరికంటే పెద్దావిడకి అరవై ఎనిమిది. ఆమె అరికాలు మొదటిసారి తట్టినప్పుడు గోడ దాకా వెళ్ళకుండా అక్కడే నిలబడి వెనక్కి తిరిగి, "సల్లగుండు బిడ్డా" అని తల మీద చెయ్యి పెట్టింది. పీఈటీ మేడం విజిల్ కింద పడేసి నవ్వింది ఆ రోజు. ఇప్పుడు కూడా పెద్దావిడ దీవెన మానలేదు. కాకపోతే గోడ దగ్గరికి చేరాక ఇస్తోంది.

ముందు వెళ్ళడమంటే పెత్తనం కాదు, చాకిరీ అన్నది కూడా నెమ్మదిగా అర్థమైంది. ముందు మనిషి నీళ్ళని చీల్చుకుంటూ పోతుంది. ఆమె వెనక సాఫీ అయిన దారిలో రెండో మనిషికి శ్రమ తగ్గుతుంది. సైకిల్ పందాల్లో ఒకరి వెనక ఒకరు నక్కినట్టే. పైగా ఎన్ని రౌండ్లయ్యాయో లెక్కపెట్టేదీ, గడియారం చూసేదీ ముందు మనిషే. వెనకవాళ్ళు హాయిగా ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళొచ్చు. సెట్టు మారితే వరసా మారుతుంది. చేతులతో కొట్టేటప్పుడు వెనక ఉండే ఆపా, కిక్‌బోర్డు పట్టుకుని కాళ్ళతో వెళ్ళాల్సి వచ్చేసరికి అందరికంటే ముందుంటుంది. జీవితమంతా మూడంతస్తుల ఇంట్లో మెట్లెక్కి దిగిన కాళ్ళు అంటుంది. కప్ప ఈతలో నేను ఒక మెట్టు పైకి వస్తాను. వెల్లకిల ఈత వస్తే నన్ను చివరకి తోసేస్తారు, ఎటు వెళ్తానో నాకే తెలీదు కనుక.

నేను ఈత నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు. రిటైరై ఊరికి తిరిగి వచ్చాను. మా ఊరు ఇక్కడికి పది కిలోమీటర్లు, ఝరాసంగం దారిలో. ఊళ్ళో మాకు పెద్ద బాయి ఉండేది. వేసవి వస్తే మగపిల్లలందరూ నడుముకి బెండ్లు కట్టుకుని అందులోనే ఈత నేర్చుకునేవారు. వాళ్ళకీ ఒక పద్ధతి ఉండేది. కింద దూకినవాడు పక్కకి జరిగి కేక వేస్తే గానీ పైనున్నవాడు దూకకూడదు. ఆ కేకలు వింటూ గట్టు మీద వాళ్ళ బట్టలకి కాపలా కూర్చోవడం ఆడపిల్లల పని. మా ఇంట్లో ఆడవాళ్ళు బాయిలోకి దిగడమంటే ఒకటే అర్థం. "ఫలానా ఆమె బాయిల వడ్డది" అని చెవుల్లో చెప్పుకునేవారు. మా మేనత్త అలాగే పోయింది. కాలు జారి పడిందో, కావాలని పడిందో ఇప్పటికీ ఎవరూ తేల్చరు. ఆమెకి ఈత వచ్చుంటే ఆ రెండో ప్రశ్న అయినా తేలేది కదా అని నాకు చాలాసార్లు అనిపించింది. మన కథల్లో చూడండి, బిందె పట్టుకునో, బట్టల మూట పట్టుకునో, చావడానికో తప్ప ఆడది నీళ్ళ దగ్గరికి వెళ్ళదు. బతుకమ్మని సైతం నీళ్ళలోకి సాగనంపి, మనం గట్టు మీంచే వెనక్కి వస్తాం.

హైదరాబాద్‌లో నేను నేర్చుకున్న కొలను పేరు అనవసరం. నేర్చుకున్నాక పెద్దల ప్రాక్టీసు బ్యాచ్‌లో చేరాను, ఆడా మగా కలిసి. అక్కడా ఇవే నియమాలు గోడ మీద రాసి ఉండేవి. కానీ "లేడీస్ లేన్" అని నిచ్చెన పక్కన ఒకటి కేటాయించారు, ఎంత వేగమున్నా ఆడవాళ్ళందరూ అందులోనే. అది కాదని మధ్య లేన్‌లోకి వెళ్తే, నేను గోడ దగ్గరికి వస్తున్నట్టు కనపడగానే అప్పటిదాకా తీరిగ్గా నిలబడ్డ పెద్దమనిషి గబుక్కున నా ముందు బయల్దేరేవాడు. పాతిక మీటర్లు ప్రాణం పెట్టి కొట్టి, అవతల గోడ దగ్గర ఆయాసపడుతూ మధ్యలో నిలబడేవాడు. ఒక ఆడమనిషి తన అరికాలు తట్టడం వాళ్ళలో కొందరు భరించలేరు. ఇంకొందరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాళ్ళు కాలు తట్టాల్సిన అవసరం లేని చోట తడతారు. మడమ దగ్గర ఆగాల్సిన చెయ్యి ఇంకా పైకి వస్తుంది. అడిగితే "రూలే కదా మేడం" అంటారు. నియమం రాసినవాళ్ళు లేన్‌లో ఉండేవి ఆడా మగా తేడా లేని శరీరాలు అనుకుని రాశారు. మాకు దొరికిన గంట "కేవలం స్త్రీలకు" అయినందుకు సిద్ధాంతరీత్యా నాకు అభ్యంతరాలున్నా, రోజూ వెళ్తున్నది అందుకే.

ఆ గంట కూడా ఎలాంటి గంటో చెప్పాలి. పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మగవాళ్ళవి. సాయంత్రం పిల్లలవీ మగవాళ్ళవీ. మాది పదిన్నర నుంచి పదకొండున్నర. ఇంటి పని ముగించుకుని వంట పనికి మళ్ళీ మొదలుపెట్టే ముందు ఆడవాళ్ళు ఖాళీగా ఉంటారని ఎవరో లెక్కవేసిన గంట అది. ఉద్యోగాలు చేసేవాళ్ళు సెలవు రోజుల్లోనే రాగలరు. మే నెలలో ఆ సమయానికి నీళ్ళు గోరువెచ్చగా, గట్టు కాలిపోతూ ఉంటుంది. నలుగురం ఒక లేన్‌లో ఇరుక్కోవడానికి మా మర్యాద ఎంత కారణమో ఈ గడియారమూ అంతే కారణం. రోజంతా మాదైతే ఒకరికొకరం ఇంతగా అడ్డం రాము.

బట్టల సంగతి కూడా ఒక మాట. లూజు కాటన్ కమీజులో నీళ్ళు నిండి గొడుగులా విచ్చుకుంటాయి, ఈదేమనిషిని వెనక్కి లాగుతాయి, పక్కవాళ్ళ చేతికి చుట్టుకుంటాయి. ఒంటికి అంటి ఉండే బట్ట కావాలనడం వెనక ఉన్నది ఇది. ఆపా తలనుంచి పాదాల దాకా కప్పే ఈత దుస్తులు తెప్పించుకుంది. 2004లో ఆస్ట్రేలియాలో ఆహిదా జనెటి రూపొందించిన బుర్కినీ లాంటిదే. బట్ట ఒంటికి అతుక్కునే ఉంటుంది కనుక మా లేన్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరం కొలనుల్లో దీన్ని అనుమతిస్తే, 2022లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాన్ని ఆపేసింది. మా జహీరాబాద్ ఆసామి "నైలాన్ అయితె చాలమ్మా" అన్నాడు. తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన ఊరు, అతనికి ఇంకో మాట తోచలేదు.

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణమైన సంగతికి వస్తున్నాను.

కిందటేడు చలికాలం పోయాక ఒక నర్సు మా గంటలో చేరింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తుంది. మా పక్క ఊరి దళితవాడ ఆమెది. చిన్నప్పుడు అన్నలతో బర్రెలు మేపుతూ, బర్రె తోక పట్టుకుని నారింజ వాగులో ఈత నేర్చుకుందట. మేం గట్టు మీద బట్టలకి కాపలా కూర్చున్న చోట, పనికి వెళ్ళిన పిల్ల నీళ్ళని నేర్చుకుంది. ఎవరి మీద ఎలాంటి కట్టడి ఉంటుందో, ఆ కట్టడిలో ఎవరికి ఏది దక్కుతుందో ఆలోచిస్తే ఎంత చిత్రంగా ఉంటుందో చూడండి. మొదటి రోజే పీఈటీ మేడం గడియారం చూసి మా లేన్‌లో ఆమెని ముందు పెట్టింది.

మా లేన్‌లో నాకు వదిన వరసయ్యే ఆవిడ ఒకరున్నారు. ఆమె మూడో స్థానం. రెండో రోజు ఆమె కొలను చూసుకునే అబ్బాయిని పిలిచి, "నీళ్ళెప్పుడు మారుస్తరు?" అని అడిగింది. అంతకు ముందు ఏడాది పాటు ఎప్పుడూ అడగని ప్రశ్న. సుమారు మూడు లక్షల లీటర్ల నీళ్ళు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు అరవై కావాలి. ఎండాకాలం ట్యాంకర్ల కోసం బిందెలు వరస పెట్టుకునే ఊళ్ళున్న నేల ఇది. ఎవరూ రోజూ మార్చరు, వడకట్టి క్లోరిన్ కలుపుతారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. మూడో రోజు చెవి నొప్పి అని పక్క లేన్‌కి మారింది. వారం తర్వాత తిరిగి వచ్చి, తనని ముందు పంపమని అడిగింది. ముందు పోతే ఏమిటి, వెనక పోతే ఏమిటి అనుకుంటారేమో. గుండ్రంగా ఈదేటప్పుడు ముందు మనిషి కాళ్ళు చిమ్మిన నీళ్ళే వెనక మనిషి నోటి దగ్గరికి వస్తాయి. ఊపిరి తీసుకునేటప్పుడు ఎంతో కొంత మింగుతాం కూడా. మా ఊరి వాగులో ఎగువ రేవు ఎవరిదో, దిగువ రేవు ఎవరిదో నాకు తెలుసు. బాయి దగ్గర దూరంగా నిలబడి, పైనుంచి ఎవరైనా పోస్తే తప్ప బిందె నింపుకోలేని ఆడవాళ్ళని మా ఇంటి గట్టు మీంచే చూశాను. నీళ్ళకి ఎగువా దిగువా ఉంటే ఆ ఎగువన ఎవరుండాలో వెయ్యేళ్ళుగా రాసి పెట్టి ఉంది. మేడం విజిల్ దాన్ని తిరగేసింది. వదిన అడిగినది ఆ పాత వరస.

1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వెంట నడిచిన దళితులు చౌదార్ చెరువు నీళ్ళు తాగితే, ఆ తర్వాత అగ్రకులాల వాళ్ళు చెరువుని పంచగవ్యంతో "శుద్ధి" చేశారు. ఆ చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది. ఇంత దూరం ఎందుకు, మా చుట్టుపక్కల పస్తాపూర్, మాచనూర్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు బీడు భూములు సాగులోకి తెచ్చి, 2008లో సొంత రేడియో పెట్టుకుని, దేశదేశాల వాళ్ళకి విత్తనాల గురించి పాఠం చెప్పారు. అదే నేల మీద, టైల్స్ పరిచిన కొలను గట్టున నీళ్ళెప్పుడు మారుస్తారని ప్రశ్న.

పీఈటీ మేడం ఉపన్యాసం ఇవ్వలేదు. "నువ్వు ముంగట పోతె నీ ఎనక నలుగురు ఆగుతరక్కా. జోరు పెంచుకో, పంపిస్త" అంది, అంతే. బట్టలు మార్చుకునే గదిలో మాట్లాడింది నేను. చెవి నొప్పి సంగతీ, నీళ్ళ సంగతీ పేరు పెట్టి చెప్పాను. "నువ్వు పుస్తకాలు చదివి చదివి అన్నిట్ల కులమే చూస్తవు" అంది వదిన. గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం. ఇద్దరు నా వైపు మాట్లాడారు, ఒకరు ఆమె వైపు, మిగతావాళ్ళు జుట్టు తుడుచుకున్నారు. మరుసటి వారం నుంచి ఇద్దరు రావడం మానేశారు. వదిన మూడు వారాలు మానేసి తిరిగి వచ్చింది, పక్క లేన్‌లో ఈదుతోంది. పెళ్ళిళ్ళలో నన్ను పలకరించడం లేదు. తాడుకి ఇటు పక్క క్లోరిన్ వేరు, అటు పక్క వేరు కాదన్నది మాత్రం ఇద్దరికీ తెలుసు.

నర్సుకి ఇదంతా తెలియదనుకున్నాను. "తెల్వకుంటెట్ల మేడం?" అంది. "నీళ్ళెప్పుడు మారుస్తరన్న మాట నాకిన్పియ్యాల్ననే అన్నది. నేనూ పైసలు కట్టిన, నేనెందుకు మానేస్త?" ఇలా రాయబోతున్నానని చెప్పి, సరేనా అని అడిగాను. కాసేపు ఆలోచించింది. "రాయండ్రి. గని పాపం అన్నట్టు రాయకుండ్రి. ఎంత ఫాస్టు పోతనో అది గూడ రాయండ్రి" అంది. పాతిక మీటర్లు 22 సెకన్లు. బ్యాంకు అమ్మాయి 25. నాది అడగొద్దు.

ఈ మధ్య మా లేన్‌లో ఒక కొత్త ఆశ మొదలైంది. 2021 మార్చి 19న హైదరాబాద్ మహిళ గోలి శ్యామల తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదిన సంగతి నేనే వాళ్ళకి చెప్పాను. ఆమె కూడా నడివయసులో, నీళ్ళ భయం పోగొట్టుకోవడానికి ఈత మొదలుపెట్టిన మనిషే. 1959లో ఇంగ్లిష్ చానెల్ ఈదిన ఆరతీ సాహా అప్పటికి పందొమ్మిదేళ్ళ పిల్ల, ఆమెని చూసి మేం మురిసిపోగలం గానీ పోల్చుకోలేం. శ్యామల సంగతి వేరు. "సముద్రంల లైన్లుండయా మేడం?" అని పెద్దావిడ అడిగింది. ఉండవన్నాను. "మరి ఎవలకు దారియ్యాలె?" అంది.

సముద్రం సంగతి తర్వాత. ముందు మాకు పొద్దుటి గంట కావాలి. పద్దెనిమిది మందిమి, మానేసిన ఇద్దరి దగ్గరికి కూడా వెళ్ళి, సంతకాలు పెట్టించి ఆసామికి ఇచ్చాం. మొదట నవ్వాడు. మగవాళ్ళ బ్యాచ్ వాళ్ళు ఒప్పుకోరన్నాడు. సంతకాల్లో వదినది కూడా ఉంది. పిలవకుండానే వచ్చి పెట్టింది, పొద్దున ఆరింటికైతే మనవరాలిని కూడా తెస్తానంది. చివరికి ఆదివారం ఒక్కరోజు, ఆరు నుంచి ఏడున్నర దాకా ఇస్తానన్నాడు. నర్సుకి శనివారం రాత్రి డ్యూటీ ఎనిమిదింటికి గానీ దిగదు. పాలు పోసే ఇద్దరికి ఆ వేళ కుదరదు. అంచేత పాత గంట వదులుకోకుండా ఇది అదనంగా అడుగుతున్నాం. మూడో లేన్‌కి తాడు కొనడానికి తలా వంద రూపాయలు వేసుకున్నాం. ఆదివారాలు పిల్లలు వస్తే వాళ్ళని ఏ లేన్‌లో వెయ్యాలన్న దాని మీద పోయిన వారమంతా పెద్ద గొడవ.